ఊర్మిళ ముందుజాగ్రత్త

2017 మే పదునాలుగు, ఆదివారం. బిలాస్‌పూర్‌లో ఉదయం తొమ్మిదికే వడగాలి మొదలై, రైల్వే క్వార్టర్ల కిటికీల్లో కూలర్లన్నీ ఒక్క గొంతుతో మూలుగుతున్నాయి. ఈ ఊళ్ళో కూలరు చల్లదనం ఇచ్చినా ఇవ్వకున్నా, ఇంటి మాటలు పక్కింటికి వినపడనివ్వదు. ఆ పూట ఊర్మిళ ఇంట మాత్రం కూలరు మోగడం లేదు. చెడిపోయి కాదు, చెడిపోకుండా ఉండాలని ఆమె భర్త విశ్వనాథం దాన్ని విప్పి పెట్టాడు.

విశ్వనాథం లోకో షెడ్‌లో సీనియర్ టెక్నీషియన్. ఇంజను ఆగిపోయాక బాగుచేయడం అతని దృష్టిలో అవమానం. ఆగకముందే షెడ్యూలు ప్రకారం విప్పి చూడడం ధర్మం. జూలై నెలాఖరున అతనికి రిటైర్మెంటు. ఊర్మిళ భయమంతా అదే. ఆమె బావగారు గోవిందరావు రైలు గార్డుగా రిటైరై, పూలదండతో జీపు దిగిన మర్నాటి నుంచి పోయేదాకా ‘ఊ’, ‘ఉహూ’ తప్ప మాట్లాడలేదు. ‘రిటైరగుట’ అనే క్రియకు కర్త ఒక్కడే అయినా, ఫలితం ఇంటిల్లిపాదిదీ అని తోడికోడలిని చూసి ఆమె గ్రహించింది.

అందుకే ఊరి చివరి మోప్కా నుంచి తెలిసినవాళ్ళ అమ్మాయి మైత్రిని పిలిపించింది. ఆ అమ్మాయి మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందుతోంది. మనసు చెదరకముందే మనుషులతో పనిచేయడం ఆ శిక్షణలో ఒక భాగం. రోగులు దొరుకుతారు గాని, రోగం రాని మనిషి, మనసు డాక్టరు దగ్గరకు ఎందుకు వస్తాడు?

“నాకేటయ్యిందని ఈ పిల్లొచ్చింది?” అన్నాడు విశ్వనాథం, స్క్రూడ్రైవరు దింపకుండానే.

“ఏమీ కాలేదు అంకుల్. అందుకే వచ్చాను.”

“ఏటీ కాకపోతే ఎందుకూ?”

“మరి కూలరుకేటయ్యిందండీ?” అంది ఊర్మిళ.

అతను కూలరు వంకా భార్య వంకా చూసి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

వారం రోజులు సెలవు పెట్టి, రిటైరైనట్టే బతికి చూడమంది మైత్రి. ఎవరికేది కష్టంగా ఉందో రోజూ ఒకరికొకరు చెప్పుకోమంది.

“ట్రయల్ రన్నా? అచ్ఛా, ముందే చెప్పొద్దా!” అన్నాడతను.

మొదటిరోజే మిక్సీ, కుట్టుమిషను విప్పేశాడు. రెండోరోజు వంటింట్లో నిలబడి, పోపు ఎందుకు ఆలస్యమవుతోందని విచారణ జరిపాడు. ఈలోగా, ఆదివారం నాటి మాటలన్నీ కిటికీలోంచి విన్న పక్కింటి అప్పలనర్సమ్మ, అతనికి మతి చలించిందని కాలనీ అంతా చాటింది. మూడోరోజు షెడ్ మిత్రులు ఆసుపత్రికి వచ్చినట్టు యాపిల్ పళ్ళతో దిగారు. వాళ్ళ వెనకే అప్పలనర్సమ్మా వచ్చింది.

“ఓలమ్మా ఊర్మిళా, మనుషుల్ని గుర్తుపడుతున్నాడేటి?”

విశ్వనాథం తలవంచుకొన్నాడు. ‘ఊ’ అన్నాడు. రాకూడదనుకొన్న బావగారి ‘ఊ’ తన చేతులమీదుగానే ఇంట్లోకి వచ్చిందనుకొంది ఊర్మిళ.

అతను మెల్లగా తలెత్తి, యాపిల్ పట్టుకొన్న షెడ్ మిత్రుణ్ణి అడిగాడు. “రమణమూర్తీ, నీ రిటైర్మెంటు ఎప్పుడు?”

“డిసెంబరులో.”

“మర్నాడు పొద్దున్న ఏటి చేస్తావు?”

“ఏటుందీ, టీ తాగుతాను.”

“తాగేసాక?”

రమణమూర్తి యాపిల్ పండును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకొన్నాడు. తర్వాత పక్కవాడికి ఇచ్చేశాడు. పక్కవాడు దాన్ని బల్లమీద పెట్టేశాడు.

“మా ఆయనకీ వచ్చే ఏడే కదేటి!” అంటూ అప్పలనర్సమ్మ కూలబడింది. “ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడొస్తాది?”

ఆ వారంలోనే మైత్రికి రోగం లేనివాళ్ళు గదినిండా దొరికారు. ఊర్మిళా తన వంటింటి కష్టం భర్తకు చెప్పింది; ఆ మర్నాటి నుంచి పదకొండు గంటలదాకా వంటింట్లోకి అతనికి ప్రవేశం లేదు.

2023లో, రాయపూర్‌లో ఉన్న మైత్రికి ఊర్మిళ రాసిన ఉత్తరం ఇది:

“చిరంజీవి మైత్రికి ఊర్మిళ ఆంటీ ఆశీర్వదించి రాయునది. ఇప్పుడు నువ్వే నీ చదువు చదివే పిల్లలకు శిక్షణ ఇస్తున్నావని విని సంతోషించాను. నీకు తెలుగు చదవడం కష్టం కనుక మీ అమ్మచేత చదివించుకో. మీ అంకుల్‌కి ఏమీ కాలేదని అబద్ధం రాయను. రిటైరైన రెండో ఏడు వానల్లో మాట మానేసి, గోడవైపు తిరిగి కూర్చున్నారు. కష్టం ఒకరికొకరు చెప్పుకోవాలన్నావు కదా అని, గోడకీ ఆయనకీ మధ్య పీట వేసుకొని కూర్చొని, నాకు భయంగా ఉందన్నాను. కొన్నాళ్ళకు ‘జరుగు, గోడ కనపడ్డం లేదు’ అన్నారు. నేను జరగలేదు. అక్కడినుంచి మొదలైన మాటలు ఇంకా ఆగలేదు. మాటలు తగ్గించే ఉపాయం మీ శాస్త్రంలో ఉంటే, తొందరపడి చెప్పకు.”