మూడు వేళ్లు ఎక్కువైన తెరచాప

మా పెద్దమ్మ పోయిన మంగళవారం ఉదయం ముసునూరులో, మా ఇంట్లోనే కన్నుమూసింది. ఆమె గురించి చెప్పాలంటే ముందు నేనొక అబద్ధం ఒప్పుకోవాలి.

పెదనాన్న బొంబాయి రేవులో వడ్రంగి. పెద్దమ్మ అక్కడే పందెపు పడవలకు తెరచాపలు కుట్టేది. డ్రాగన్ అనే పాత రకం పడవలవి. సన్నగా, పొడుగ్గా, అడుగున బరువైన ఇనుప రెక్కతో ఉంటాయి. ఎన్ని కొత్త రకాలొచ్చినా ఆమెకు వాటి మీద మోజు పోలేదు. ఎందుకని అడిగితే, "అన్నిటికీ ఒకే కొలతమ్మా. పడవ గొప్పతో గెలవడం కుదరదు. గాలి తెలిసినోడే గెలుస్తాడు" అనేది.

పెదనాన్న పోయాక కుట్టుమిషనుతో సహా మా దగ్గరికొచ్చింది. నాకు టేపు పట్టి కొలవడం, కుట్టడం నేర్పింది ఆమే. ఆ పనితోనే ఇవాళ నేను బతుకుతున్నాను. మా మామిడితోట కాయ మీదున్న రోజుల్లో గాలి లేస్తే మేం గుండెలు పట్టుకుని తోటలోకి పరిగెత్తేవాళ్లం. ఆమె మాత్రం వరండాలో గాలికెదురుగా మొహం పెట్టి, "అయ్యో, కాయంతా రాలిపోద్దే" అంటూనే నవ్వేది.

షుగరుతో చూపు తగ్గిందని మాకు చెప్పలేదు. బొంబాయిలో ఎరిగిన పడవ యజమాని ఒకాయన "తెరచాప మీ చేత్తోనే కావాలండీ" అని ఫోన్ చేస్తే ఒప్పుకుని, నాలుగు నెలలు కుట్టింది. పందెం ముందు తెరచాపలు కొలిచేవాళ్లు కుదరదన్నారు. ఒక అంచు మూడు వేళ్లు ఎక్కువ. పార్సిల్ వెనక్కొచ్చింది. దాచేశాను.

"పందెం ఏమైందే?"

"గెలిచారు పెద్దమ్మా."

ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది. పందెం నాడు గాలి ఎటుందని అడిగితే నోటికొచ్చింది చెప్పాను.

ఈ ఎండాకాలం మొదట్లో, కాయల గదిలో గోనెల కింద పార్సిల్ ఆమె చేతికి తగిలింది. నేను వెళ్లేసరికి అంచు వెంట జానలతో కొలుస్తోంది.

"ఓడిపోయిందని చెప్తే ఊరుకునేదాన్నే. కొలత తప్పిన చాపతో గెలిపించావు చూడు, అది భరించలేనే."

ఇక ఆగలేదు. తడుముకుంటూ కుట్టడం, కొలవడం, మళ్లీ విప్పడం. సూది గుచ్చుకుని తెల్లగుడ్డ నిండా నెత్తుటి మరకలు. మైలవరం డాక్టరు గారు విశ్రాంతి తీసుకోమన్నారు. వినలేదు. నేను కుడతానని కాళ్లు పట్టుకున్నాను.

"నీకు కొలతంటే గౌరవం లేదే" అంది. తిట్టినా బాగుండేది.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి, చాప పరిచి టేపు పెట్టాను. కుట్టినంత మేరా సరిగ్గా ఉంది. చివర జానెడు మిగిలింది. అక్కడే సూది గుచ్చి ఉంది. కన్నంలోకి ఎక్కించడానికి ఎన్నిసార్లు తడుముకుందో, దారం కొస పళ్లతో కొరికి కొరికి పీచులా నలిగిపోయి ఉంది.