కురవిలో పూజ చేయించిన క్లచ్

మహబూబాబాద్‌లో నా బండి ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, ఇంజన్‌లో ఏదో బోల్టు ఊడింది, చూపించుకోమని చెబుతారు. ఆటోవాళ్లు చెప్పారు, స్టేషన్ రోడ్డులో పల్లీలు అమ్మే ముసలమ్మ చెప్పింది, మా మిర్చి బస్తాలు దించే హమాలీలు వంతులవారీగా చెప్పారు. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. ఇది ఇటలీ మోటారుసైకిల్, మిగతా బండ్ల క్లచ్ నూనెలో మునిగి ఉంటుంది, దీనిది పొడిగా ఉంటుంది, అందుకే ప్లేట్లు ఒకదానికొకటి తగిలి గలగలలాడతాయి, ఇది రోగం కాదు, దీని గొంతే ఇంత అని. విన్నవాళ్లు జాలిగా తల ఊపేవాళ్లు. ఇప్పుడు "సరే తమ్మీ, సూపిస్త" అని ముందుకు పోతున్నాను.

నేను మిర్చి వ్యాపారం చేసే మనిషిని. నలభై దాటాయి. బరువైన ఎర్ర బండి మీద ముందుకు వంగి, ట్యాంకుకు పొట్ట ఆనించి పోయే ఆడమనిషిని చూసి మా ఊరు మొదట నోరెళ్లబెట్టింది, తర్వాత అలవాటుపడింది. మా ఆయన మాత్రం పడలేదు. ఒక్కసారే వెనక కూర్చున్నాడు. దిగాక, ఇక మీదట ఎక్కడికి రమ్మన్నా బస్సులో వస్తానని మర్యాదగా చెప్పాడు.

ఇలాంటి బండ్లున్న వాళ్లం ఈ చుట్టుపక్కల ముగ్గురమే. జనగామలో ఒక తమ్ముడు, కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. భూపాలపల్లిలో ఒక అన్న, వెల్డింగ్ షాపు ఉంది, కాటారం దగ్గర కొంచెం వరి పొలం ఉంది. ముగ్గురిలో ఎవరికీ రక్తసంబంధం లేదు. బండి సామాన్ల కోసం మొదలైన పరిచయం. హైదరాబాద్ షోరూముకు పోతే మన వంతు వచ్చేసరికి కాలం మారిపోతుంది. ఇటలీ నుంచి తెప్పించుకుంటే ఒక్క రబ్బరు వాచరు కోసం ఎండాకాలమంతా ఎదురుచూడాలి. అందుకని ముగ్గురం కలిపి తెప్పించుకుంటాం, మా మిర్చి గోదాము పక్క రేకుల షెడ్డులో ఆదివారాలు కలిసి బిగించుకుంటాం. తమ్ముడు ఫోనులో ఇటలీ భాషను తెలుగులోకి మార్చి పుస్తకం చదువుతాడు. ఆ ఫోను తెలుగు వింటే నవ్వాగదు. అన్న స్పానర్ పడతాడు. నేను ఇద్దరి మీదా అరుస్తాను. నా వాటా పని అదేనని వాళ్లంటారు.

మాకో ఆనవాయితీ కూడా ఉంది. కొత్త సామాను ఏది వేసినా, అది చిన్న అద్దమైనా సరే, బండి మొదట కురవి పోవాలి. వీరభద్రస్వామి గుడి ముందు నిమ్మకాయ తొక్కించి, కొబ్బరికాయ కొట్టించి, ఆ తర్వాతే రోడ్డెక్కాలి. ఫిజిక్స్ చెప్పే తమ్ముడికే ఈ పట్టింపు ఎక్కువ.

నిరుడు వానాకాలంలో అన్నకు దెబ్బ తగిలింది. కాటారం పొలంలో బోరు మోటారు పైకి లాగుతుంటే గొలుసు జారి, ఎడమచెయ్యి కప్పీలో పడింది. చూపుడువేలు, మధ్యవేలు సగానికి పోయాయి. వరంగల్ దవాఖానలో చూడటానికి పోతే అన్న అందరితో మామూలుగానే మాట్లాడాడు, జోకులు వేశాడు. చేతి మీద మాత్రం తువ్వాల కప్పి ఉంది. గాయం మానాక కూడా ఆ తువ్వాల పోలేదు. షాపులో పని చేసేటప్పుడు ఎవరూ లేకుండా చూసుకునేవాడు. అన్నం తినేటప్పుడు ఎడమచెయ్యి వెనక్కి పోయేది. పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. బండి మీద గోనెపట్టా కప్పాడు.

ఒకరోజు వదిన నాకు ఫోన్ చేసింది. ఎప్పుడు చేసినా ఈ ధర ఎంత, ఆ ధర ఎంత అని మొదలుపెట్టే మనిషి, ఆ రోజు సూటిగా విషయానికొచ్చింది. హైదరాబాద్ పిల్లగాడెవడో బండి అడుగుతున్నాడట, అన్న ఇచ్చేద్దామంటున్నాడట. బండి పోతే పోయింది, దాని మీద నాకు ప్రేమేం లేదు అంది. కానీ దాన్ని ఇచ్చేస్తే ఈ మనిషి ఇక ఇంట్లోంచి బయటికి రాడని నాకు భయమవుతుంది చెల్లె అని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను వినడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేసి వెంటనే తమ్ముడికి కలిపాను.

అసలు సమస్య క్లచ్‌తోనే. ఎడమచేత్తో లాగే ఆ బండి క్లచ్ బాగున్న చేతులకే గట్టి. వేళ్లు పోయిన చేతికి అది లొంగదు. తమ్ముడు రెండు రోజులు లెక్కలు వేసి ఉపాయం చెప్పాడు. ఇంజన్ పక్కన నూనె ఒత్తిడితో క్లచ్‌ను నెట్టే చిన్న సిలిండర్ ఉంటుంది. దాన్ని తీసేసి కొంచెం పెద్దది వేస్తే లివర్ సగం తేలికవుతుంది, మిగిలిన రెండు వేళ్లతో లాగొచ్చు. కానీ ఒక మెలిక ఉంది. లాగడం తేలికైనంత మాత్రాన ప్లేట్లు పూర్తిగా విడిపోతాయన్న నమ్మకం లేదు, ఎందుకంటే అవి కదిలే దూరం తగ్గుతుంది. బొటాబొటిగా సరిపోతుందని తమ్ముడన్నాడు. నాకు బొటాబొటి అనే మాట నచ్చదు, అయినా సరే తెప్పించమన్నాను.

పని మా షెడ్డులోనే జరిగింది. పనిలోపనిగా క్లచ్ మీది మూత కూడా మార్చాం. తమ్ముడికి ఎప్పటినుంచో ముచ్చట, జల్లెడలా కంతలున్న మూత వేయాలని. లోపల తిరిగే ప్లేట్లు కనబడతాయి, గలగల ఇంకా పెరుగుతుంది. అన్న పక్కవీధి వాళ్లు మమ్మల్ని క్షమించాలి. అన్న స్టూలు మీద కూర్చుని, తువ్వాల చుట్టుకుని, కుడిచేత్తో ఇది బిగించు, అది వదులు అని చూపించాడు. అతని కళ్లలో పాత వెలుగు కొంచెం కనిపించింది. అది మళ్లీ ఆరిపోతుందేమోనన్న భయంతో నేను ఎప్పటిలాగే ఇద్దరి మీదా అరుస్తూ ఉన్నాను.

పని అయ్యాక కురవి పోయాం. అన్న బండిని నేనే నడిపాను. క్లచ్ వెన్నలా ఉంది. అన్న, వదిన ట్రాలీ బండిలో వెనక వచ్చారు. నలుగురి కళ్లముందు తాను నడపనని, పూజ కాగానే ఇంటికి తోలుకుపోయి అక్కడ మెల్లగా చూసుకుంటానని అన్న ముందే షరతు పెట్టాడు. గుడి ముందు బండి ఆపాక వదిన దాని చుట్టూ ఒకసారి తిరిగి, మేము ఆయన చేతి కోసం వేసిన సామాను ఏదని అడిగింది. అసలు సిలిండర్ అవతలి పక్క ఉంది, కంటికి ఆనేది మూతే కాబట్టి నేను గొప్పగా ఆ కొత్త మూత మీద చెయ్యి పెట్టి చూపించాను. తర్వాత మేము ముగ్గురం దర్శనానికి పోయాం. వదిన అప్పటికే దండం పెట్టుకుని వచ్చింది కాబట్టి బండి దగ్గరే ఉంది. తిరిగొచ్చేసరికి పూజ అయిపోయింది. పసుపు, కుంకుమ, బంతిపూలు, బండి పెళ్లికూతురిలా ఉంది. గుడ్డతో పైపైన తుడిచి ట్రాలీలోకి ఎక్కించాం.

ఆ వారమంతా ముసురు. వాన తెరిపి ఇచ్చిన ఆదివారం నేనూ తమ్ముడూ భూపాలపల్లి పోయాం. అన్న మా కోసమే ఆగాడు. వదినను లోపలికి పొమ్మన్నాడు. షాపు ముందు బండెక్కి, తువ్వాల విప్పి జేబులో పెట్టుకున్నాడు. గ్లవుజు ఖాళీ వేళ్లు లివర్‌కు అడ్డుపడతాయని ఆ చేతికి అది వేసుకోలేదు. నేను కావాలనే ఆకాశం వైపు చూశాను. ఇంజన్ మొదలైంది. లివర్ లాగాడు, గేరు వేశాడు. బండి ఒక్కసారిగా ముందుకు ఎగిరి, ఆగిపోయి, అన్నతో సహా పక్కకు పడింది.

దెబ్బలేం తగల్లేదు. బండికి గీతలు పడ్డాయి. మేం పరిగెత్తే లోపే అన్న లేచి, జేబులోంచి తువ్వాల తీసి చేతికి చుట్టుకున్నాడు. బండి వంక చూడలేదు.

"నా చెయ్యి ఆగుతలేదు చెల్లె. గా హైదరాబాద్ పిలగానికి ఫోన్ చేస్త. తోలుకపొమ్మంట."

 తమ్ముడు తన లెక్క తప్పిందని, ప్లేట్లు కదిలే దూరం చాలలేదని గొణుక్కుంటూ లివర్‌ను మళ్లీ మళ్లీ లాగి చూస్తున్నాడు. నాకు మాత్రం కోపం వచ్చింది. నాకు దుఃఖం వచ్చినా కోపంలాగే వస్తుంది. కురవి దాకా వెన్నలా పనిచేసిన క్లచ్‌కు వారంలో ఏం మాయరోగం వచ్చిందని, షాపులోంచి స్పానర్లు తెచ్చి మూత విప్పాను.

ముందు వాసన వచ్చింది, పులిసిన కొబ్బరి వాసన. లోపల ప్లేట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోయాయి. స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్కోటి ఊడదీస్తే, మధ్యలో ఎండిన కుంకుమ, పసుపు, తెల్లగా కొబ్బరి పీచు. కంతల మూతలోంచి కొబ్బరినీళ్లు సాంతం లోపలికే పోయాయి. పొడిగా ఉండాల్సిన క్లచ్ తీపినీళ్లు తాగి, వారం ముసురులో జిగురుపట్టింది. ఇక లివర్‌ను భీముడు లాగినా అవి విడివడవు. ఇటలీలో ఈ బండి తయారుచేసిన వాళ్లు ఎన్నెన్ని ప్రమాదాలు ఊహించారో తెలియదు, ఇది మాత్రం ఊహించి ఉండరు.

తమ్ముడు నేల మీద చతికిలబడి నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. చెయ్యిది కాదు తప్పు, లెక్కదీ కాదు. అన్న వంగి ఆ ప్లేటును చూశాడు, వాసన చూశాడు. నవ్వుతాడనుకున్నాను. కానీ ఇంటి తలుపు వైపు చూసి గొంతు తగ్గించి, ఈ సంగతి మీ వదినకు చెప్పకండి, తన వల్లనే పడ్డాననుకుని కుమిలిపోతుంది అన్నాడు. పడ్డ మనిషి ఆ మాట అనేసరికి నాకు కళ్లు చెమర్చాయి.

వదిన అప్పటికే చాయ్ పట్టుకుని గడపలో నిలబడి ఉంది. గ్లాసులు కింద పెట్టి వచ్చి, ప్లేటు చేతిలోకి తీసుకుని చూసింది.

"నీళ్లు నేనే పోసిన. పంతులు పైన సల్లుమంటే నేనే లోపటికి పోసిన. నీ చేతికి బలమిచ్చే సామాను గిదే అని చెల్లె చెప్పింది, దానికే పొయ్యాలె గద అనుకున్న." ప్లేటు కింద పెట్టి అన్న వైపు తిరిగింది. "బండి అమ్ముకుంటవా, అమ్ముకో. ఏడాదాయె, నీ చెయ్యి నేను సూడక. కట్టుకున్నదాన్ని, నాకు గూడ తువ్వాలేనా?"

 అన్న తువ్వాల తీయలేదు. తమ్ముడూ నేనూ ఎక్కడ చూడాలో తెలియక ప్లేట్లు లెక్కపెడుతున్నట్టు నటించాం. చివరికి వదినే కొంగు దోపుకుని, ఇవి ఎట్ల కడగాలో చెప్పమంది. ఇనుప ప్లేట్లకు గరుకు కాగితం పట్టాం, మిగతావి పెట్రోలుతో కడిగాం. ఆమె బియ్యం చెరిగే చాటలో వాటిని ఎండకు పరిచి, కాకులు ఏం ఎత్తుకుపోతాయనుకుందో ఏమో, పక్కనే కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక బిగించాం. అన్న ఈసారి ఎవరినీ లోపలికి పొమ్మనలేదు, కానీ మాకు వీపు తిప్పి తువ్వాల విప్పాడు. లివర్ లాగాడు, గేరు వేశాడు. బండి నిలబడింది. మెల్లగా వదిలాడు, మెల్లగా కదిలింది. వీధి చివరిదాకా పోయి, ఆగి, తిరగకుండా అట్లాగే కాటారం రోడ్డెక్కాడు. తమ్ముడిని షాపు చూస్తుండమని నేను బండి తీస్తుంటే వదిన అడక్కుండానే వెనక ఎక్కింది. మా ఆయన ఒక్కసారికే దండం పెట్టిన సీటు మీద ఆమె చీర సర్దుకుని, నా భుజం పట్టుకుని, పోనియ్యి అంది.

రోడ్డుకు రెండు పక్కలా అడవి తడిసి నల్లగా ఉంది. అన్న మా ముందు పోతున్నాడు, నింపాదిగా, లారీలకు దారి ఇస్తూ. ఎడమచెయ్యి హ్యాండిల్ మీద ముడుచుకుని ఉంది. ఎదురుగా దూరం నుంచి ఎవరో పెద్ద బండి మీద వస్తున్నారు. సామాన్లు కట్టుకుని ఏ రాష్ట్రం నుంచో తిరుగుతున్న మనిషి. పెద్ద బండ్లవాళ్లకు ఒక మర్యాద ఉంది. ముక్కూమొహం తెలియకపోయినా ఎదురుపడితే చెయ్యి ఎత్తుతారు. కుడిచేతిలో బండి వేగం పెంచే రేసు ఉంటుంది కాబట్టి ఎత్తేది ఎడమచెయ్యే. ఆ మనిషి ఎత్తాడు. అన్న ఎత్తడని నాకు తెలుసు, ఎత్తకపోయినా ఏం కాదులే అని మనసులో అనుకున్నాను.

అన్న ఎత్తాడు. భుజం దాటి పైకి, వెలుతురులోకి, ఉన్న వేళ్లు ఉన్నట్టుగా. ఆ మనిషి దాటిపోయాక కూడా ఒక క్షణం అట్లాగే ఉంచి, తర్వాత దించాడు.

నా భుజం మీద వదిన పట్టు బిగిసింది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను, రెండూ అనుకుంటాను.

"నాకు సూపియ్యని చెయ్యి, తొవ్వన పోయేటోనికి సూపిచ్చె సూడు చెల్లె," అంది. "ఇంటికి రానియ్యి, సెప్త ఆయన సంగతి."