వెచ్చటి గొట్టం

సూది చూసి బెంబేలెత్తేవాళ్లను కబుర్లలో పెట్టి రక్తం తీయడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. భర్త పోయాక మళ్లీ పనిలోకి వచ్చిన రోజు, ల్యాబ్ ఫ్రిజ్‌లో ఆయన పేరు రాసిన రక్తం గొట్టం కనబడింది. పైన పసుపుపచ్చని ద్రవం, అడుగున ఎర్రకణాలు, నడుమ సన్నగా తెల్లకణాల పొర. గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తం కదా, మెల్లగా అటూ ఇటూ వంచగానే అంతా కలిసి, అప్పుడే తీసినట్టు ఎర్రబడింది.

"ఇలా ఇవ్వక్కా, నేను పారేస్తాను," అంటూ అందుకున్న తోటి ఉద్యోగిని ఉలిక్కిపడింది. "ఇదేంటక్కా, వెచ్చగా ఉంది!"

ఆవిడ గొట్టాన్ని గుప్పిట్లోకి తీసుకుంది. ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. చివరికి తానే దాన్ని చెత్త సంచిలో వేసి, అలవాటుగా, "వెళ్లి రండి," అంది.

ఆ 'రండి' ఎందుకన్నానా అని వెంటనే ఒళ్లు జలదరించింది.