దస్తూరి లేని కాగితం

కొన్నాళ్లపాటు నేను కావాలనే తప్పులు రాశాను. ఎవరైనా వచ్చి దిద్దుతారని, దిద్దడానికి వచ్చిన మనిషి నాతో తెలుగులో రెండు మాటలు మాట్లాడతాడని. నలభై దాటిన ఆడదాన్ని. హోసూరులో సొంతంగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినదాన్ని. తప్పు కొట్టిన పిల్లల చేత పేజీ పేజీ మళ్లీ కొట్టించినదాన్ని. నేను ఇలాంటి పని చేశానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వండి, ఏం ఫరవాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతాను, అప్పుడు మాత్రం నవ్వలేదు.

రెండువేల సంవత్సరం దాటాక టైపు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. మిషన్లు తీసేసి మూడు కంప్యూటర్లు పెట్టాను. వాకిట్లో బ్రౌజింగ్ సెంటర్ అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ బోర్డు వేయించాను. కాలేజీలు వదిలేదాకా ఎవరూ రారు. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా మూడు కంప్యూటర్లూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్లం. వెనక గదిలోనే నా కాపురం. కాపురమంటే నేనూ ఒక స్టవ్వూ. పెళ్లయింది, ఏడాదిన్నరకు తెగిపోయింది, చెప్పుకునేంత కథేమీ కాదు.

మా నాయన కృష్ణగిరిలో రిజిస్ట్రారు ఆఫీసు ముందర రేకుల పంచలో కూర్చుని పత్రాలు రాసేవాడు. పత్రం తమిళంలో రాసినా, ముసాయిదా మాత్రం తెలుగులోనే రాసుకునేవాడు. ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టి, “చదువమ్మా, నేను వింటాను” అనేవాడు. నేను చదువుతుంటే కండ్లు మూసుకుని వినేవాడు. తూర్పున ఫలానావారి మామిడితోట, పడమర ఫలానావారి గట్టు, ఇలా నాలుగు హద్దులు. అన్నిటికన్నా కింద దస్తూరి, అంటే ఈ కాగితం రాసింది ఫలానా అని రాసినవాడు తన పేరు వేసుకునే వరుస. “రాసినోడి పేరు లేని కాయితం దిక్కులేని పీనుగమ్మా” అనేవాడు. తొంభైల చివర్లో ఆయన పోయాక నేను చదివితే వినేవాళ్లు లేకపోయారు. మావాళ్లందరూ తెలుగే మాట్లాడతారు, కాని చదవడం వచ్చిన కండ్లు నా రెండే మిగిలాయి.

నేను తప్పులు రాసిన ఆ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వాన్ని నాకు చూపించింది మా అన్న కూతురు. హోసూరులోనే ఇంజనీరింగు చదివేది, శనివారాలు నా దగ్గరికి వచ్చేది.

“అత్తా, ఈడ చూడు. తెలుగులో కూడా ఉంది. ఎవరైనా రాయొచ్చంట.”

“ఎవరైనా అంటే? నేను కూడానా?”

“నువ్వూ రాయొచ్చు. రాసి నాకు చదివి చెప్పు, నాకు చదివేకి రాదు కదా” అని నవ్వింది.

పేరు నమోదు చేసి, నా గురించి చెప్పుకునే పేజీలో రెండే ముక్కలు రాశాను: మాది హోసూరు. టైపు వచ్చు. మర్నాడు పొద్దున కంప్యూటరు తెరిస్తే పైన రంగు పట్టీ ఒకటి, మీకు కొత్త సందేశం వచ్చిందని. నొక్కాను. స్వాగతం అని మొదలైంది. మీరు రావడం మాకు సంతోషం, సందేహాలుంటే మొహమాటపడకుండా అడగండి, వ్యాసాలను మీవిగానే భావించి దిద్దండి అని ఉంది. చివరి వరుసలో, హోసూరులో చలి ఎక్కువేనా అని ఉంది. కింద సంతకం. పేరును బట్టి మగమనిషి.

నాయన పోయాక తెలుగులో నాకు వచ్చిన మొదటి ఉత్తరం అది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అట్లా కూర్చుని రెండు పేజీల జవాబు కొట్టాను. ఇక్కడి చలి, గులాబీ తోటలు, మా నాయన, మూతపడిన ఇన్‌స్టిట్యూట్, రాగిముద్ద నాకు సరిగ్గా కుదరకపోవడం, అన్నీ రాసేశాను. మధ్యాహ్నానికి బదులు వచ్చింది. “ధన్యవాదాలండీ. చర్చా పేజీలో రాసినప్పుడు చివర నాలుగు టిల్డాలు పెట్టండి. మీ సంతకం దానంతటదే పడుతుంది.” అంతే.

టిల్డా అంటే పాము మెలిక లాంటి గుర్తు. నా మిషన్లలో ఆ మీటే లేదు. కీబోర్డంతా వెతికితే ఎడమ చేతి పై మూలన దొరికింది.

డెంకణికోట దాటాక అడవి అంచున ఉన్న మా ఊరి మీద పేజీ లేదు. అదే రాద్దామని కూర్చున్నాను. నాకు వచ్చిన పద్ధతి ఒకటే, మా నాయన పద్ధతి. తూర్పున ఫలానా రెడ్డి చింతతోపు, పడమర చెరువు గట్టు, ఉత్తరాన ఫలానా గౌడు రాగిచేను, దక్షిణాన అడవి, ఏనుగులు దిగివచ్చే దారి. ఊరి గురించి నాలుగు పేరాలు రాసి, అన్నిటికన్నా కింద దస్తూరి అని నా పేరు వేశాను. ఎత్తుకుని పెంచిన బిడ్డను చూసుకున్నట్టు చాలాసేపు చూసుకున్నాను.

మర్నాటికి దస్తూరి లేదు. రెడ్డీ గౌడూ లేరు. ఏనుగుల దారి పక్కన ‘ఆధారం చూపాలి’ అని చిన్న అక్షరాలు వేలాడుతున్నాయి.

నాకు ముక్కు మీద కోపం. ఒళ్లు మండిపోయింది. ఆ పేజీ తాలూకు చర్చలో టకటకా కొట్టాను: “ఎవరప్పా నువ్వు నా పేరు కొట్టేసేకి? నేను పుట్టిన ఊరు అది. ఏనుగు దిగొచ్చి రాగిచేను తొక్కి పోతే దానికి రసీదు ఇచ్చిపోతుందా? ఆధారం యాడ తెచ్చేది?” నాలుగు టిల్డాలు మాత్రం మరవలేదు.

మొన్న స్వాగతం చెప్పిన మనిషే జవాబిచ్చాడు. కోప్పడలేదు. “మీరు చెప్పింది నిజమే అయి ఉంటుంది. కాని నిజమైతే చాలదండీ, చదివేవాళ్లు సరిచూసుకోవడానికి అచ్చయిన ఆధారం కావాలి. మన జ్ఞాపకం ఆధారం కాదు. మామూలు మనుషుల పేర్లు వ్యాసంలో ఉండకూడదు. వ్యాసం ఎవరి సొత్తూ కాదు కాబట్టి అందులో సంతకం ఉండదు. అయినా మీ పేరు ఎక్కడికీ పోలేదు. పైన ‘చరిత్ర’ అని ఉంటుంది, నొక్కి చూడండి.”

నొక్కాను. ఏ వరుస ఎవరు ఎప్పుడు చేర్చారో, ఎవరు తీసేశారో గంటా నిమిషంతో సహా ఉంది. నా దస్తూరి కూడా ఉంది, పాత కాపీలో, పెట్టింది పెట్టినట్టు. కోపం దిగిపోయి, ఇంత పెద్దమనిషిని నువ్వు అన్నానే అని సిగ్గేసింది.

ఆధారం కోసం కృష్ణగిరి బస్సెక్కాను. లైబ్రరీలో జిల్లా గురించిన పాత పుస్తకం అడిగితే అక్కడి ఉద్యోగి దుమ్ము దులిపి ఇస్తూ, “ఇంతకాలం పనిచేసినాను, దీన్ని అడిగినోళ్లు నువ్వేనమ్మా మొదలు” అన్నాడు. రెండు పూటలు వెతికితే మా ఊరి పేరు ఒకే ఒక్క చోట కనిపించింది, అరవాక్యం. ఆ పక్క రాగిపంటకు ఏనుగుల బెడద ఉందని. ఆ అరవాక్యం రాసుకుని, పేజీ నంబరు వేసుకుని తిరిగొచ్చాను. ‘ఆధారం చూపాలి’ తీసేసి పుస్తకం పేరు పెట్టాను. సాయంత్రానికి ఆయన మాట వచ్చింది: “బాగుందండీ.” ఆ ఒక్క మాటను నేను ఎన్నిసార్లు చదివానో చెప్పుకుంటే సిగ్గుచేటు.

తర్వాత ఎన్నో నియమాలు నేర్చుకున్నాను. ‘సుందరమైన గ్రామం’ అనకూడదు, అది మన అభిప్రాయం. వేరేచోటి నుంచి యథాతథంగా ఎత్తి పెట్టకూడదు. ఏ మార్పు ఎందుకు చేశామో చిన్న గళ్లో ఒక ముక్క రాయాలి. టైపు కొట్టినదాన్ని కదా, త్వరగానే పట్టుబడింది. చిక్కు అక్కడే వచ్చింది. తప్పులు తగ్గినకొద్దీ ఆయన రావడం తగ్గింది. వారానికొకసారి, తర్వాత పదిహేను రోజులకొకసారి. పొద్దున కంప్యూటరు తెరిస్తే రంగు పట్టీ ఉండదు. మిగతా రెండు కంప్యూటర్లను తుడుస్తాను, మళ్లీ చూస్తాను, ఉండదు. బాగా నేర్చుకున్నవాళ్లతో ఎవరికేం మాట ఉంటుంది?

అప్పుడు మొదలుపెట్టాను. ఒక పేజీలో ఆధారం తెలిసీ వదిలేశాను. వచ్చాడు, మెత్తగా చెప్పాడు. ఇంకో పేజీలో ‘అతి రమణీయమైన’ అని తగిలించాను. మళ్లీ వచ్చాడు. ఆయన దిద్దడం, నేను జవాబులో ఆ రోజు ఎండ సంగతో వంకాయ పులుసు సంగతో కలిపి రాయడం. ఆయన వ్యాసం సంగతికి మాత్రమే బదులిచ్చేవాడు. అయినా ఆ పూటకు నా కడుపు నిండేది. మా పక్క ఊళ్లు కెలవరపల్లి పేజీలోనూ ఒక తప్పు, గురుబరపల్లి పేజీలోనూ ఒకటి. నెల రోజులు ఇలాగే సాగింది.

ఒక సోమవారం పెద్ద సందేశం వచ్చింది. “ఈ నియమం మీకు తెలుసు. లైబ్రరీకి వెళ్లి మరీ ఆధారం తెచ్చినవారు మీరు. ఇవి పొరపాట్లు కావని నాకు అర్థమైంది. ఎందుకు చేస్తున్నారో తెలియదు. చర్చా పేజీలు వ్యాసాలను బాగుచేయడానికే, కబుర్లకు కావు. ఇంకోసారి జరిగితే మీ ఖాతాను నిరోధించవలసి వస్తుంది. దయచేసి ఆ అవసరం రానివ్వకండి.”

తేలు కుట్టిన దొంగలాగ కూర్చున్నాను. సెంటర్లో ఎవరూ లేరు, అయినా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎందుకు చేశానో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. ఏమని చెప్తాను? మాట్లాడే దిక్కులేక అని రాస్తే దానికి ఆధారం చూపాలి అంటాడేమో.

ఆ వారంలోనే ఏదో వెతుకుతూ వేరే కొత్త సభ్యుడి పేజీలోకి పోయాను. స్వాగతం, మీరు రావడం మాకు సంతోషం, మొహమాటపడకుండా అడగండి. అవే మాటలు, అదే సంతకం. ఇంకొకరి పేజీ తెరిచాను, మళ్లీ అవే. అప్పుడు తెలిసింది, దాన్ని మూస అంటారట. ఒకసారి తయారుచేసి పెట్టుకుంటే అందరికీ అచ్చు గుద్దినట్టు అంటించేయవచ్చు. ఫారం ఉత్తరాలు నేను కొట్టనివా? ఖాళీలో ఊరి పేరు నింపడం నాకు తెలియని విద్యా? హోసూరులో చలి, కోలారులో ఎండ, ఇంకెక్కడో వాన అని ఉంటుందనుకున్నాను. పైనున్న నాలుగు వరుసలు మాత్రం చదివి ఆ పేజీలు మూసేశాను. ఛీ, ఫారం ఉత్తరానికి రెండు పేజీలు రాగిముద్ద పురాణం రాసుకున్నానే అని ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

ఏడాది దాకా అటువైపు పోలేదు. ఈలోగా మేనకోడలికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది, శనివారాలు కూడా పోయాయి. ఫోనులో, “ఏమత్తా, రాస్తా ఉండావా?” అని అడిగేది. “ఉండానమ్మా” అని అబద్ధం చెప్పేదాన్ని. ఒకరోజు ఆ అబద్ధం నాకే రుచించలేదు. వెళ్లి తెరిచాను.

మా ఊరి పేజీ అలాగే ఉంది. ఏనుగుల అరవాక్యం అలాగే ఉంది. కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఎవరో, తన ఊరి గురించి రాసి కింద తన పేరు వేసుకుంది. పాపం అనిపించింది. ఎవరూ ఆమెకు స్వాగతం చెప్పినట్టు లేదు. సరే, నేనే చెప్దామనుకున్నాను. మూసను వెతికి అంటించాను. స్వాగతం దగ్గర మొదలై, మీవిగానే భావించి దిద్దండి దగ్గర అయిపోయింది. చలి గురించిన వరుస కోసం కిందికి జరిపాను. లేదు. ఊరి పేరు నింపే ఖాళీ కూడా లేదు. మూసలోనే లేదు.

నా పేజీ తెరిచి చరిత్ర నొక్కాను. నొక్కడం ఆయన నేర్పిందే. అక్కడ మొదటి రోజు ఆయన రాసినవి రెండు వరుసలున్నాయి. మొదటిది మూస. నాలుగు నిమిషాల తర్వాత రెండోది, విడిగా, చేత్తో కొట్టింది: హోసూరులో చలి ఎక్కువేనా? మార్పు ఎందుకు చేశామో రాయాల్సిన ఆ చిన్న గడి ఖాళీగా ఉంది. నియమాలన్నీ నాకు నేర్పిన మనిషి, ఆ ఒక్కసారి కారణం రాయలేదు.

నాలుగు నిమిషాలు ఆయన ఏం చేశాడు? నా పేజీలోని రెండు ముక్కలు చదివాడు. ఏదైనా అడగాలనుకున్నాడు. అడగాలా వద్దా అని చూశాడు. నేను రెండు పేజీలు నా గోలే రాశాను. మా పక్క బస్సులో పక్క సీటు మనిషిని కూడా యా ఊరు అని అడుగుతామే, ఆ మాట కూడా ఆయన్ని అడగలేదు.

ఆయన పేజీకి పోయాను. ఆయన చివరి మార్పు ఏడు నెలల కిందటిది. ఆ తర్వాత ఏమీ లేదు. కింద కొత్తవాళ్ల ప్రశ్నలు, జవాబు లేకుండా వరుసగా పడి ఉన్నాయి. నాకు తెలిసినవాటికి జవాబులు రాశాను. సంతకం ఎలా పెట్టాలో, ఆధారం ఎలా చూపాలో. రెండు రోజులు పట్టింది. అన్నీ అయ్యాక, అన్నిటికన్నా కింద నా మాట రాశాను.

“అప్పా, హోసూరులో చలి ఎక్కువే. ఈ ఏడు ఇంకా ఎక్కువగా ఉంది. మీది యా ఊరప్పా? ఆ పొద్దే అడగాల్సింది, మరిచిపోయినాను. అన్నం తిన్నారా?”

నాలుగు టిల్డాలు పెట్టాను. చర్చా పేజీ కబుర్లకు కాదని నాకు తెలుసు. ఎవరో ఒకరు చూసి తీసేస్తారనుకుని రోజూ పొద్దున తెరిచి చూసేదాన్ని. తీసేసినా బాగుండేది, తీసేయడానికైనా ఒక మనిషి వచ్చి ఉండేవాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.