లప్పం ఆరని రోజులు

మొన్న ఉదయం గుడివాడలో మేముంటున్న అపార్టుమెంటులో పక్కింటివాళ్ళు పడగ్గదికి అంటించిన వాల్‌పేపరు పీకించి, గోడలకు లప్పం పెట్టించే పని మొదలుపెట్టారు. రేకుపట్టీతో గోడ గీకుతున్న చప్పుడు వినగానే, పొయ్యి మీద పాలున్న సంగతి కూడా మరిచిపోయి, గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంకొకరికైతే అది ఒట్టి రొద. నాకు మాత్రం ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ చప్పుడు వింటే పాత భయం తిరిగొస్తుంది.

అప్పట్లో మేము బందరులో ఉండేవాళ్ళం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్ని, మా ఆయన రైసుమిల్లులో గుమాస్తా, మాకు అప్పుడప్పుడే మాటలు కూడబలుక్కుంటున్న కూతురు. మేము కొనుక్కున్న పాత డాబా ఇంట్లో వీధివైపు గదికి అంతకుముందున్నవాళ్ళు లేతనీలం పువ్వుల వాల్‌పేపరు అంటించి వెళ్ళారు. మన కాలంలో అలాంటివి సినిమాల్లో గొప్పవాళ్ళ ఇళ్ళలో చూడటమే గాని ఎరిగినవాళ్ళ ఇళ్ళలో ఎక్కడుండేవి చెప్పండి! ఇల్లు చూడటానికి వచ్చిన చుట్టాలంతా ఆ గోడను చేత్తో తడిమి మరీ మెచ్చుకునేవారు. ఇంట్లోకెల్లా అందమైన గది కాబట్టి పిల్ల మంచం అందులోనే వేశాం.

ఆ వానాకాలంలో పిల్లకు దగ్గు పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టేది, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపించేవి, డొక్కలు ఎగరేస్తూ అది నా మొహంలోకి చూస్తుంటే నాకు ఊపిరాడేది కాదు. డాక్టరుగారు మందు రాసిచ్చి ఊరుకోకుండా, పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఆ గదిలో చెమ్మ ఉందా అని గుచ్చిగుచ్చి అడిగారు. ఇంటికి రాగానే మా ఆయన కిటికీ కింద కాగితం అంచు పట్టుకుని లాగితే అది తడిబట్టలా ఊడొచ్చింది. వెనకాల గోడ నిండా నల్లటి బూజు, ఉప్పు పొంగి పొరలుపొరలుగా రాలుతున్న సున్నం. ముక్కుపుటాలు మండించే ఆ వాసన తగిలేసరికి, ఇన్నాళ్ళూ నా బిడ్డ పీల్చింది ఈ గాలినా అని పిల్ల మంచాన్ని అప్పటికప్పుడే పక్కగదిలోకి లాగేశాను.

కబురు తెలిసి కోడూరు నుంచి మా అమ్మ వచ్చింది. ఈ దుమ్ములో పిల్ల ఉండకూడదని, గోడపని అయ్యేదాకా తన దగ్గర ఉంచుకుంటానని మందులతో సహా తీసుకువెళ్ళింది. మేము ఒక పెద్దాయనను పనికి పెట్టుకున్నాం. వరస కాకపోయినా ఆయన్ని బాబాయిగారూ అనే పిలిచేవాళ్ళం. వేడినీళ్ళతో కాగితం నానబెట్టి తీయడం, జిగురంతా కడగడం, బూజుకు బ్లీచింగు నీళ్ళు కొట్టడం, గుల్లబారిన చోట కొత్తగా సిమెంటు పూయడం అయ్యాక, పల్చగా ఒక వరస లప్పం పెట్టాడాయన. ఇక అది ఆరాలి, ఉప్పుకాగితంతో రుద్దాలి, రెండో వరస పెట్టాలి, రంగు వేయాలి, నా పిల్ల ఇంటికి రావాలి. కానీ ముసురు పట్టి ఆ గోడ ఆరితేనా? బడికి వెళ్ళేముందు, వచ్చాక, అరచేయి ఆనించి చూసుకునేదాన్ని. చల్లగా, పచ్చిగా తగిలేది.

అంతలో రేడియోలో తుపాను హెచ్చరిక వచ్చింది, మా అమ్మ వాళ్ళ కోడూరు ఉన్న దివిసీమ వైపేనన్నారు. దివిసీమ, ఉప్పెన అనే రెండు మాటలు పక్కపక్కన వినిపిస్తే మన తరంవాళ్ళకు ఒంట్లో ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? మా ఆయన తిన్న కంచం కడుక్కోకుండానే లేచి వాళ్ళిద్దరినీ తీసుకొస్తానని బస్సెక్కారు. ఒకవేళ అమ్మే పిల్లను తీసుకుని బయల్దేరితే తాళం చూసి కంగారుపడుతుందని నన్ను ఇంట్లోనే ఉండమన్నారు. మధ్యాహ్నం దాటింది, ఎవరూ రాలేదు. కోడూరులో ఫోనున్న ఒక్క కొట్టుకూ లైను కలవలేదు. ఏం చేయాలో తోచక ఉప్పుకాగితం తీసుకుని గోడ రుద్దడం మొదలుపెట్టాను.

గోడ ఆరిందేమో చూసిపోదామని వచ్చిన బాబాయిగారు నా చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. “పచ్చి మీద రుద్దితే లేచొచ్చేస్తదండీ టీచరమ్మగారూ. మీరు బస్టాండుకెళ్ళి కనుక్కుని రండి. ఈలోగా ఎవరొచ్చినా కూర్చోబెట్టడానికి నేనున్నాగా.”

బస్టాండు నిండా నాలాంటివాళ్ళే. అవనిగడ్డ వైపు నుంచి ఒక బస్సు రాగానే అందరం కండక్టరును చుట్టేశాం. “కోడూరు రూటు ఆపేశారమ్మా. జనాన్ని స్కూళ్ళలోకి చేరుస్తున్నారంట, కంగారుపడకండి” అన్నాడు గాని, అతని మొహంలోనూ కంగారే ఉంది. నేను స్తంభాన్ని పట్టుకుని ఏడుస్తుంటే చేపల గంపతో ఉన్న ఒకావిడ దగ్గరికొచ్చి, పిల్ల ఎవరి దగ్గరుందని అడిగింది. మా అమ్మ దగ్గరన్నాను. “అమ్మమ్మ దగ్గరుంటే నీకెందుకే తల్లీ భయం? నీకంటే ఆవిడకే ఎక్కువ భయముంటది, ఈపాటికి ఎక్కడో చోట పదిలంగానే చేర్చుంటది” అంది. ఆవిడ భర్త వేటకు వెళ్ళి ఇంకా ఒడ్డుకు చేరలేదని, వేరే ఎవరో చెబితే తర్వాత తెలిసింది.

తుపాను దారి మళ్ళి బలహీనపడిందని మర్నాడు రేడియోలో చెప్పారు. వాన వెలిశాక మా గుమ్మం ముందు రిక్షా ఆగింది. చెదిరిన జుట్టుతో మా అమ్మ, ఆవిడ చీరకొంగులో చుట్టుకుని నా కూతురు! హెచ్చరిక వినగానే అమ్మ ఎవరికోసం ఎదురుచూడకుండా, ఊళ్ళోంచి వెళ్తున్న చేపల వ్యాను ఎక్కి ఘంటసాలలో పిన్ని ఇంటికి చేరిందట. ఒక్క కబురైనా పంపలేదేమని నేను అరవబోతుంటే, “ముందు దాని గుండె మీద చెవి పెట్టి విను. నన్ను తర్వాత తిడుదువుగాని” అంది. పెట్టాను. పిల్లికూతలు లేవు. ఊపిరి హాయిగా, నిండుగా వచ్చిపోతోంది. అమ్మ ఇంటికి తాళం ఉండటం చూసి, వెనక్కి రావడానికి బస్సు లేక కోడూరు బడిలోనే తలదాచుకున్న మా ఆయన సాయంత్రానికి నడుందాకా బురదతో వచ్చి, పిల్లను చూడగానే గడప మీదే కూర్చుండిపోయారు. ఆ చెమ్మకు గోడ మీద లప్పం అక్కడక్కడా ఉబ్బిపోయింది. బాబాయిగారు విసుక్కోకుండా మళ్ళీ గీకి, ఎండలు కాసేదాకా ఆగి కొత్తగా పెట్టాడు. ఆ పిల్ల ఆ తెల్లటి గదిలోనే పెరిగి పెద్దదయింది.

ఇప్పుడు ఎవరు ఎక్కడున్నదీ ఫోనులో చుక్కలా కదులుతూ కనిపిస్తుంది. వాన పడితే అమ్మాయి ఏ మలుపులో ఉందో సోఫాలో కూర్చునే చూసుకుంటాను. భయం మాత్రం ఏమీ తగ్గలేదు, కాకపోతే ఇప్పుడు ఒక్కదాన్నే కూర్చుని భయపడతాను. తన మనిషి సముద్రం మీద ఉండగా, నా పిల్ల ఎవరి దగ్గరుందని అడగడానికి వచ్చిన ఆ మనిషి లాంటివాళ్ళు ఇప్పుడు ఏ బస్టాండులో ఎదురుపడతారు? ఆవిడ భర్త ఒడ్డుకు చేరాడో లేదో మళ్ళీ ఎవరినీ అడిగి తెలుసుకోలేకపోయాను. చేరే ఉంటాడని అనుకుంటూ ఉంటాను.