నాయనమ్మ దవడ కొలత

నా చిన్నప్పుడు, ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజుల్లో, మా నాయనమ్మ పంక్తిలో కూర్చుని తినడం మానేసింది. ఆమెకు పళ్ళన్నీ ఊడిపోయాయి. ఊళ్ళోకి వచ్చిన ఒకాయన కట్టిచ్చిన పళ్ళు సరిగ్గా కలిసేవి కావు. ఒకసారి నలుగురిలో మాట్లాడుతుంటే జారి పడ్డాయి. అప్పటి నుంచి నవ్వొచ్చినా కొంగు అడ్డం పెట్టుకునేది. మా మేనత్త పెళ్ళి దగ్గరపడింది. పెళ్ళికూతురి తల్లి అయ్యుండీ వంటింట్లోనే ఉండిపోతానంది.

ఏలూరు మిల్లులో పనిచేసే మా బాబాయి ఆమెను బతిమాలి పళ్ళ డాక్టరుగారి దగ్గరికి బయలుదేరదీశాడు. నేను తోడుంటేనే వస్తానంది. మా ఊరి నుంచి కొల్లేట్లో పడవ మీద, ఆపైన బస్సులో ఏలూరు వెళ్ళేవాళ్ళం.

మొదటిసారి చిగుళ్ళ అచ్చు తీసుకున్నారు. రెండోసారి దవడలు ఎక్కడ కలుస్తాయో గుర్తు పట్టడానికి మైనపు దిమ్మలు నోట్లో పెట్టి, మామూలుగా నోరు మూయమన్నారు. ఆ మాట వినగానే నాయనమ్మ బిగుసుకుపోయింది. కింది దవడ ముందుకొచ్చేసింది. పళ్ళు లేని ఇన్నేళ్ళూ ముందు చిగుళ్ళతోనే నమలడం వల్ల అదే అలవాటైందట. ఎన్నిసార్లు మూసినా అంతే. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"నా వల్ల కాదు బాబూ, ఇంటికి పోతాం" అంది.

డాక్టరుగారు విసుక్కోలేదు. మైనం తీసేసి, ఎదురుగా స్టూలు మీద కూర్చుని కొల్లేటి చేపల గురించి అడిగారు. ఆమె మెల్లగా తేరుకుని కొర్రమేను పులుసు ఎలా కాచాలో చెప్పసాగింది.

"మరి పులుపు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందండీ?"

ఆమె ఖాళీ అరచేతిని నాలికతో తాకి, నాలిక అంగిటికి ఆనించి గుటక వేసి చూపించింది. దవడ దానంతటదే వెనక్కి వెళ్ళి తన చోట కూర్చుంది. ఆయన మైనం మళ్ళీ పెట్టారు.

"నోరు మూసే సంగతి వదిలేయండి పెద్దమ్మగారూ. ఇంకోసారి పులుపు చూడండి."

ఆమె చూసింది. మెత్తటి మైనం మీద గుర్తు పడింది. దిమ్మలు తీశాక, పులుసు ఎలా ఉందండీ అని ఆయన అడిగితే, ఉప్పు కాస్త పడాలి బాబూ అంటూ నోరారా నవ్వింది.

ఆ కొలతకు కట్టిన కొత్త పళ్ళతో, పెళ్ళిలో వియ్యపురాలి పక్కన కూర్చుని గారెలు తీరిగ్గా నమిలి తింది.

పెద్దయ్యాక నేను ఆడపిల్లలకు కుట్టుపని నేర్పాను. మిషను ముందు చేతులు బిగుసుకుపోయిన పిల్లను సరిగ్గా కుట్టమని ఎన్నడూ అనలేదు. ఇంట్లో తనకు బాగా చేతనైన పని ఏమిటో అడిగి, అక్కడి నుంచి మొదలుపెట్టేదాన్ని. ఈ వయసులోనూ ఎవరికి ఏది నేర్పాల్సి వచ్చినా నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.