టెంపో ఎక్కినోళ్లదే పని

ఉద్యోగం లేక వెతుక్కునేవాళ్ల బాధ నాకు తెలియదు గానీ, ఒక ఉద్యోగం చేస్తూ దొంగచాటుగా ఇంకో ఉద్యోగం వెతుక్కోవడంలో ఉన్న సంబరం మాత్రం నన్నే అడగాలి. ఆ రోజుల్లో (మరీ రాతియుగం కాదులెండి, ఫోన్లు అరచేతిలోకి వచ్చేసిన రోజులే) నాకు తెల్లారితే అదే ధ్యాస. బీకాం పాసై, కామాటిపురాలో వరసగదుల చాల్‌లో అమ్మమ్మ దగ్గర ఉంటూ, నాగ్‌పాడాలో మా మామ స్టీలు సామాన్ల దుకాణంలో గిన్నెల మీద పేర్లు చెక్కుతుండేదాన్ని. పెళ్లికిచ్చే బిందెలు, బారసాలకిచ్చే గ్లాసులు, గృహప్రవేశం పళ్లాలు, అన్నిటి మీదా ఇచ్చినవాళ్ల పేరు ఉండాల్సిందే కదా. చేతిలో కరెంటు పెన్ను జుయ్యిమని అరుస్తుంటే, దుకాణం మూసి ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటున్నా నా వేళ్లు వణుకుతూనే ఉండేవి. ఊళ్లో అందరి పేర్లూ రాస్తున్నాను, నా పేరు మాత్రం ఎక్కడా లేదే అని నా దిగులు. గుండ్రంగా తిరిగే కుర్చీ, మెడలో నా పేరున్న కార్డు ఉంటే చాలు, ఇంకేమీ అడగనని దేవుడికి మాటిచ్చాను కూడా.

తొందర ఎందుకంటే, మామ నాకు దసరా గడువు పెట్టాడు. తిట్టి పెట్టుంటే ఎదురు తిరిగేదాన్ని. ఆయన ప్రేమగా పెట్టాడు. "దసరాకు కొత్త మిషన్ తెస్తున్న బిడ్డా. పూజ చేసి నీ చేతుల వెడ్త. నాకేమన్న పిల్లలా జెల్లలా, ఇగ దుకాణం నీదే" అన్నాడు. అంత ప్రేమగా జైల్లో పెడతానంటే వద్దని ఎలా చెప్పడం? అందుకని నోరు మూసుకుని, కౌంటరు కింద ఫోన్ పెట్టుకుని కనబడిన కంపెనీకల్లా దరఖాస్తులు పంపేదాన్ని. ఫోన్ టింగుమంటే గుండె గంతేసేది. తెరిచి చూస్తే, మీ ప్రతిభ చూసి ముచ్చటపడ్డామనీ, ప్రస్తుతానికి మాత్రం వద్దనీ ఉండేది. అంత మర్యాదగా వద్దనిపించుకున్న మనిషి మా చాల్ మొత్తంలో ఇంకెవరూ లేరు. ఒక గంట ముఖం వేలాడేసుకుని, చాయ్ తాగి, మళ్లీ మొదలుపెట్టేదాన్ని. పొద్దున్న బాత్రూం లైన్లో బకెట్ పట్టుకుని ఇంటర్వ్యూ జవాబులు వల్లె వేస్తుంటే లైన్లో ఉన్నవాళ్లకీ అన్నీ వచ్చేశాయి. "ఐదేండ్లకు నువ్వెక్కడుంటవు?" అని నేను గొణుక్కుంటే, వెనకాల తువ్వాలు భుజాన వేసుకున్న పక్క గది పెద్దాయన "ఏడికి వోతం బిడ్డా, గీ లైన్లనే ఉంటం" అన్నాడు.

అమ్మమ్మకి నా ఫోన్ దరఖాస్తుల మీద కాణీ నమ్మకం లేదు. ఆమె వయసులో ఉన్నప్పుడు ఇటుకల గమేళా తట్ట నెత్తిన పెట్టుకుని ఈ ఊళ్లో ఎన్ని మేడలకు ఎక్కి దిగిందో ఆమెకే గుర్తులేదు. పొద్దున్నే కూలీలంతా నాకా మీద, అంటే నాలుగు రోడ్ల కూడలిలో నిలబడేవారు. కూలీల్ని కుదిర్చే ముకాదం టెంపో వేసుకొచ్చి ఇంతమంది కావాలని కేకేస్తే, ముందెక్కినవాళ్లకే పని. ఏం పని, ఎక్కడ అని అడుగుతూ నిలబడ్డవాళ్లు ఇంటికి నడిచి వెళ్లడమే. "ఫోన్ల నిన్నెవలు చూస్తరే? మనిషి నాకా మీద నిలవడాలె. ముకాదం కండ్లవడాలె. ఇయ్యాల దొరకలేదా, రేపు ఇంకింత పొద్దుగాల్ల వోవాలె. గంతే!" అనేది. నేను నవ్వేదాన్ని గానీ, ఆ 'గంతే' వినగానే ఎక్కడలేని హుషారూ వచ్చేది.

అలా ఉండగా వర్లిలో ఒక పెద్ద కంపెనీ వాళ్లు ముందుగా పిలవకుండానే, వచ్చినవాళ్లని వచ్చినట్టు ఇంటర్వ్యూ చేస్తారని ఫోన్లో పడింది. అమ్మమ్మకి చెప్పానో లేదో, ఆమె కళ్లు వెలిగాయి. "గట్ల జెప్పు! అది నాకానేనే. నేను గుడ వస్త" అంది. వద్దంటే వినలేదు. మామకి నాకు జ్వరమని కబురు పెట్టి (పాపం, సాయంత్రం పళ్లు పట్టుకొస్తానన్నాడు), నేను ఇస్త్రీ చుడీదార్‌లో, అమ్మమ్మ గోచీ చీరలో, ఆమె చంకలో రొట్టెల సంచీ, నా చంకలో ఫైలు, ఇద్దరం ఇంకా వీధులు ఊడవకముందే వర్లిలో ఆ గేటు ముందు నిలబడ్డాం. లైన్లో మేమే మొదలు. తర్వాత నాలాంటి ఇస్త్రీ బట్టలవాళ్లు చాలామంది వచ్చి, తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. అమ్మమ్మ వాళ్లందరినీ ఒకసారి కలియజూసి, "వీళ్లకు నాకా తెల్వదు" అని తేల్చేసింది.

గేటు ఇంకా తెరవలేదు. అంతలో ఒక టెంపో సర్రున వచ్చి మా ముందే ఆగింది. డ్రైవరు పక్కనున్నవాడు తల బయటపెట్టి, "చలా చలా! దోన్ జణ్ పాహిజే, లౌకర్!" అని అరిచాడు. ఇద్దరు కావాలి, తొందరగా అని. అంతే, అమ్మమ్మలో ఎన్నేళ్లుగానో నిద్రపోతున్న కూలిమనిషి ఒక్కసారిగా లేచింది. నా చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తప్పంతా ఆమె మీదికి తోసెయ్యొచ్చు గానీ, నిజం చెప్పొద్దూ, ఆమె కంటే ముందు ఎక్కింది నేనే. నా కాళ్లు నన్ను అడగనేలేదు. కంపెనీవాళ్లు ముందొచ్చినవాళ్ల కోసం బండి పంపారనుకున్నాను. టెంపో కదులుతుంటే గేటు దగ్గర మిగిలిపోయినవాళ్లని చూసి అయ్యో పాపం అని కూడా అనుకున్నాను. ఆ తర్వాతే నా చుట్టూ ఉన్న మడత కుర్చీల దొంతరలు కనబడ్డాయి.

"ఇంటర్వ్యూ ఎక్కడ?" అని మరాఠీలో అడిగాను. "కసలా ఇంటర్వ్యూ? ఖుర్చ్యా ఉచలాయచ్యా" అన్నాడు వాడు. కుర్చీలు మోయాలట! వంటసామాన్ల కొత్త షోరూం ప్రారంభం, రావాల్సిన కూలీలు ఇద్దరు రాలేదట, దారిలో ఖాళీగా నిలబడ్డవాళ్లు కనబడితే కేకేశాడట. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అంత పొద్దున్నే వచ్చి, అందరికంటే ముందు నిలబడి, చేజేతులా లైను వదిలేసి కుర్చీల మధ్య కూర్చున్నాను. దసరా ఎదురుగా వచ్చి నిలబడ్డట్టే అనిపించింది. అమ్మమ్మ మాత్రం రొట్టెల సంచీ ఒళ్లో పెట్టుకుని, గాలికి కొంగు ఎగురుతుంటే, పెళ్లికి వెళుతున్నట్టు కూర్చుంది. "ఏడుస్తవేందే? నిలవడ్డ పొద్దే పని దొరికె. నేనైతే మొదటి పొద్దు ఉత్త చేతులతోని ఇంటికొచ్చిన" అంది. ఆమె సంతోషం చూసి నాకు ఏడుపుతో పాటు నవ్వు కూడా వచ్చి, రెండూ కలిసి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

షోరూంలో ఇస్త్రీ చుడీదార్‌తో కుర్చీలు మోశాను. (ఫైలు చంకలోనే ఉంది. కింద పెడితే నా చదువు పోతుందని భయం.) ఇలాంటి ప్రారంభోత్సవాలు గుత్తకు తీసుకుని జరిపించే బాబ్ కటింగ్ మేడమ్ ఉన్నట్టుండి ఫోన్లో కేకలు మొదలుపెట్టింది. వచ్చే అతిథులందరికీ వాళ్ల పేర్లు చెక్కి స్టీలు సీసాలు ఇవ్వాలట, చెక్కేవాడు రావడం లేదట. మెల్లగా కుర్చీల వెనక్కి జారుకుంటున్నానో లేదో, అమ్మమ్మ "బాయీ! మా పోరికొస్తది గా పని!" అని తెలుగూ మరాఠీ కలిపి అందరికీ వినబడేలా అరిచింది. మేడమ్ పరుగున వచ్చి, "మిషన్ ఉందా?" అంది. "లేదు మేడమ్" అన్నాను, ఆ రోజంతటిలో మొదటిసారి హాయిగా. అమ్మమ్మ సంచీలో చెయ్యిపెట్టి, ముందురోజే ఎప్పుడు దుకాణంలోంచి తెచ్చిపెట్టుకుందో, రొట్టెల మూట కిందనుంచి మా మామ కరెంటు పెన్ను బయటికి తీసింది. "సామాన్ లేకుండ ఎవరన్న నాకా మీదికి వోతరా?" అంది.

ఏ పెన్ను నుంచి పారిపోయి వచ్చానో అదే పెన్ను పట్టుకుని కూర్చున్నాను. కానీ ఏం చెప్పను, మొదటి సీసా మీద మొదటి అక్షరం పడగానే చుట్టూ జనం మూగారు. మామ దుకాణంలో నేను చెక్కుతుంటే ఈగ కూడా వాలేది కాదు. ఇక్కడ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు, ఏ అక్షరాలు అడిగితే అవి జుయ్యిమని పడుతున్నాయి. నాకు ఒళ్లు తెలియలేదు. జనం పలచబడ్డాక మేడమ్ నా దగ్గరికొచ్చి, "నువ్వు ఎవరి తరఫున వచ్చావు?" అని అడిగింది. ఇంటర్వ్యూకి వచ్చి పొరపాటున టెంపో ఎక్కానని ఉన్నదున్నట్టు చెప్పాను. నేను మోసిన కుర్చీలోనే కూలబడి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత నా ఫైలు అడిగి తీసుకుంది. "సోమవారం మా ఆఫీసుకి రా. చెక్కడానికి కాదు. వేళకి మనుషుల్ని పట్టుకొచ్చే మనిషి నాకు కావాలి" అంది. నేను "ఏం పని, ఎక్కడ" అని అడగబోతే అమ్మమ్మ నా కాలు తొక్కింది.

ఇంటికొచ్చేసరికి మామ బత్తాయిలు పట్టుకుని చాల్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. జ్వరం ఏదని అడగలేదు, పెన్ను ఏదని అడిగాడు. అంతా చెప్పాను. బత్తాయిలు ఒక్కొక్కటే తీసి మెట్టు మీద వరసగా పేర్చాడు. చివరికి, "నా పెన్నుతోనే గదా చేసినవు?" అన్నాడు. అవునన్నాను. అంతే, తనే తయారుచేసి పంపినట్టు మెట్టుమెట్టుకీ ఆగి చాల్ మొత్తానికి చెప్పుకుంటూ పైకెక్కాడు. సోమవారం పొద్దున్న నా చేతిలో ఒక కొత్త స్టీలు డబ్బా పెట్టాడు. మూత మీద నా పేరుంది. నేను వచ్చాక ఆయన పెన్ను ముట్టుకోవడమే మానేశాడు కదా, అక్షరాలు తాగి నడిచినట్టున్నాయి. మెడలో కార్డు తర్వాత వచ్చింది గానీ, నా పేరు నేను మొదట చూసుకున్నది ఆ మూత మీదే. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని మేడమ్ ఆఫీసు దాకా ఏడుస్తూనే వెళ్లాను.

ఇప్పుడు టెంపో ముందు సీట్లో కూర్చునేది నేనే. కేకేస్తే పనికొచ్చేవాళ్లు ఏం పని, ఎంతసేపు అని అడుగుతారు. అడగాలి మరి, నేనూ ఓపిగ్గా చెబుతాను. మొన్న ఒక ఆఫీసు గేటు దగ్గర నేను నోరు తెరవకముందే ఒక పిల్ల చంకలో ఫైలుతో గబుక్కున ఎక్కేసింది. "ఎక్కడికమ్మా?" అన్నాను. "ఇంటర్వ్యూకి కదా?" అంది. నేను చాలా బుద్ధిమంతురాలిగా, చెయ్యిపట్టి దింపి, లైను చూపించి, బాగా చెప్పు అని భుజం తట్టి పంపాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చి అమ్మమ్మకి చెప్పాను. ఆమె ఇప్పుడు మంచం దిగడమే కష్టం, అయినా లేచి కూర్చుంది. "దింపినవా? ఎక్కినదాన్ని దింపినవా?" అంది. ఎంత సర్దిచెప్పినా ఆ పూట నాతో మాట్లాడలేదు. నేనూ డబ్బా కడుగుతూ, వంకరటింకర నా పేరు మీద వేలు ఆడిస్తూ, ఆ పిల్ల పేరైనా అడిగుండాల్సింది అనుకున్నాను.